రేడియేటరులోని ద్రవమునకు వార్ధకము కలదా?

పల్నాటి నుండి గుంటూరు మిర్చి యార్డుకు బస్తాలు తోలుచు పదునైదేండ్లు గడపిన బొలెరో పికప్ బండి యొకటి మెకానిక్కు ముందు నిలిచినదనుకొందము. కూలెంట్ పాతబడినది, అంతయు దింపి, లోపల కడిగి, కొత్తది పోయవలెనని అతడు చెప్పినంతనే యజమాని నోట రెండు ప్రశ్నలు వెలువడును. డబ్బామీద యాంటీఫ్రీజ్ అని అచ్చువేసిన ఈ మందు మంచుదేశముల వారికి గదా, రోళ్లు పగులు ఎండలు కాయు రెంటచింతలలో నీరు గడ్డకట్టు భయమెక్కడిది అనునది మొదటి ప్రశ్న. ద్రవము పచ్చగానే యున్నది, మట్టము తగ్గలేదు, ఎచటను కారుట లేదు, కంటికి లోపమేదియు కానరాని దానిని డబ్బు పెట్టి పారబోయనేల అనునది రెండవది.

రెండును న్యాయమైన ప్రశ్నలే. మొదటిదానికి సమాధానము సులభము. రెండవది మాత్రము మనలను కొంత దూరము నడిపించును. ఏలయన పాతబడుచున్నది నీరును కాదు, దానిలో కలిపిన తియ్యని ద్రవమును కాదు, ఆ రెంటిలో కరగి కంటికి కనబడకున్న మరియొక పదార్థము. అది తరిగిపోయినను ద్రవపు రంగు మారదు, మట్టము మారదు, బండి నడకయు నాటికి నాడు మారదు.

వేడి పోవు త్రోవ

ఇంజనులో కాలిన డీజిలు ఇచ్చు వేడిలో చక్రములను త్రిప్పుటకు అక్కరకు వచ్చునది, స్థూలముగా చెప్పినచో, మూడింట నొక వంతు మాత్రమే. ఇంకొక వంతు సైలెన్సరు గుండా పొగతోపాటు గాలిలో కలియును. తక్కినదంతయు ఇంజను లోహమునకే సంక్రమించును. సిలిండరులో మండు వాయువుల ఉష్ణోగ్రత క్షణకాలము 2000 డిగ్రీల సెంటిగ్రేడును మించును. ఆ మంటకు పైకప్పుగా నిలిచిన హెడ్డు అల్యూమినియముతో చేసినదైనచో, అది 660 డిగ్రీల వద్దనే కరగు లోహము. మంటకు ఇంత చేరువగా నుండియు ఆ లోహము కరగకుండుటకు కారణము, దాని వెనుకనే తొలిచిన సన్నని దారులలో ద్రవము నిరంతరము ప్రవహించుచు, చేరిన వేడిని చేరినట్లే తీసికొనిపోవుచుండుటయే.

వాటర్ పంపు ఆ ద్రవమును త్రోయును. అది సిలిండర్ల చుట్టును, హెడ్డులోను తిరిగి, పై హోస్ పైపు ద్వారా రేడియేటరునకు వచ్చి, సన్నని గొట్టములలో దిగుచు, ఎదురుగాలికిని ఫ్యాను గాలికిని తన వేడిని అప్పగించి, క్రింది పైపు ద్వారా మరల ఇంజనునకు చేరును. తొలినాటి మోటారుబండ్లలో ఈ ఏర్పాటు మిక్కిలి మోటుగా నుండి నీరు త్వరగా మరగిపోవుచుండెను. 1900వ సంవత్సరాంతమున విల్‌హెల్మ్ మైబాఖ్ అను జర్మను ఇంజనీరు మెర్సిడెస్ 35 హెచ్.పి. బండికి చేసిన రేడియేటరులో ఎనిమిది వేలకు పైగా చిన్న చతురస్రపు గొట్టములను ఒకదాని ప్రక్క నొకటి పేర్చెను. గాలికి తగులు లోహపు వైశాల్యము అట్లు ఎన్నో రెట్లు పెరుగుటచే, మునుపు కావలసిన నీటిలో సగముతోనే ఇంజను చల్లబడెను. నేటి రేడియేటర్ల రూపము మారినను సూత్రమదియే: నీటి దారి ఎంత సన్నముగా చీలిన అంత మంచిది. అయితే సన్నని దారికి పూడిపోవు గుణము కూడ సహజము. ఈ సంగతి మనకు ముందుముందు పనికివచ్చును.

ఇంజనునకును రేడియేటరునకును నడుమ థర్మోస్టాటు అను చిన్న కవాటము కలదు. దాని గర్భమున నింపిన మైనము చల్లగా నున్నంతసేపు ఘనముగా నుండి, సుమారు 82 డిగ్రీల వద్ద కరగి, కరగునపుడు వ్యాకోచించి, ఒక కడ్డీని త్రోసి తలుపు తెరచును. ఇంజను వేడెక్కువరకు ద్రవమును రేడియేటరునకు పోనీయక లోపలనే త్రిప్పుట దీని ఉద్దేశము. మన ఎండలకు ఇది అనవసరమని తలచి దీనిని పీకి పారవేయు మెకానిక్కులు పెక్కుమంది కలరు. నా మట్టుకు నాకు ఇది ఒప్పదు. చల్లని ఇంజనులో డీజిలు సరిగా కాలదు, నూనె పలుచబడదు, సిలిండరు గోడలు త్వరగా అరిగిపోవును. అంతేకాక కొన్ని ఇంజన్లలో ఈ కవాటము తెరచుకొనునపుడే లోపలి అడ్డదారి మూసికొనునట్లు అమర్చియుందురు. కవాటమును తీసివేసినచో ఆ అడ్డదారి ఎల్లప్పుడును తెరచియుండి, ద్రవములో కొంత రేడియేటరు మొగమే చూడక ఇంజనులోనే తిరుగుచుండును. చల్లదనము కోరి చేసిన పని వేడికే దారితీయును.

నీటి గుణములును దోషములును

వేడిని మోయుటలో నీటిని మించిన చవుకైన ద్రవము లేదు. ఒక కిలో ఇనుమును ఒక డిగ్రీ వేడి చేయుటకు పట్టు ఉష్ణమునకు సుమారు తొమ్మిది రెట్లు, అంతే బరువుగల నీటికి పట్టును. ఈ ఒక్క గుణమును బట్టి చూచినచో రేడియేటరులో కేవలము నీరే పోయవలెను. మన డ్రైవర్లు తరతరములుగా చేయుచున్నదియు అదే. కాని నీటికి మూడు దోషములు కలవు.

మొదటిది, 100 డిగ్రీలకే మరగుట. మరగి ఆవిరియైన చోట లోహమునకు ద్రవము తగులదు. తగులని చోట వేడి పోదు. అచట హెడ్డు వంకరపోయి గాస్కెట్ కాలును. ఎత్తునకు పోయినకొలది నీరు ఇంకను ముందే మరగును. సుమారు మూడు వందల మీటర్ల కొక డిగ్రీ చొప్పున తగ్గుచు, వేయి మీటర్ల ఎత్తున నున్న అరకు, లంబసింగి ప్రాంతములలో 97 డిగ్రీల లోపలనే తెర్లును. బరువుతో ఘాటు ఎక్కు బండికి వేడి ఎక్కువగాను, వేగము తక్కువగా నుండుటచే ఎదురుగాలి తక్కువగాను ఉండు తరుణమందే ఈ తగ్గుదల వచ్చిపడుట గమనింపదగినది. దీనికి విరుగుడుగా ఏర్పడినదే బిగువైన రేడియేటరు మూత. దానిలోని స్ప్రింగు చదరపు సెంటీమీటరునకు సుమారు 0.9 కిలో ఒత్తిడి వరకు ఆవిరిని వెలికి పోనీయదు. ఆ ఒత్తిడిలో నీరు 118 డిగ్రీల వరకు మరగదు. అలసిపోయిన స్ప్రింగుగల మూతను మార్చక, రేడియేటరును ఇంజనును నిందించువారు ఎందరో కలరు.

ఆ మూతను వేడిమీద తెరువరాదని అందరును చెప్పుదురు గాని కారణము చెప్పువారు తక్కువ. 118 డిగ్రీల వద్ద నున్న పది లీటర్ల నీటిపై ఒత్తిడి ఒక్కసారిగా తొలగినచో, అది 100 డిగ్రీలకు దిగుటకు కావలసిన మార్గము ఒక్కటే: తనలో సుమారు మూడవ వంతు లీటరును తత్‌క్షణమే ఆవిరిగా మార్చుట. ఆ ఆవిరి ఐదు వందల లీటర్లకు పైబడిన చోటును ఆక్రమించును. తనతో మరగునీటిని మోసికొనుచు అది వెలువడు దారి మూత తెరచిన మనిషి మొగము మీదుగనే. అదే తీరున, పొగలు గ్రక్కుచు రోడ్డుప్రక్క నిలిచిన ఇంజనులో బిందెతో చన్నీళ్లు గుమ్మరించుటయు ప్రమాదకరమే. లోహము ఒకచోట ముడుచుకొని వేరొకచోట ముడుచుకొనక బీటలు వారును.

రెండవ దోషము నీటిలో కరగిన సున్నము. బోరునీటిని కాచు కాగు అడుగున కట్టు తెల్లని పొలుసు అందరును ఎరిగినదే. నీటిలో కరగియున్న కాల్షియం బైకార్బొనేటు వేడికి విచ్ఛిన్నమై, అంగారవాయువు పైకి పోగా, కరగని కాల్షియం కార్బొనేటు గోడకు అంటుకొనును. వేడి ఎక్కువగా నున్న గోడకే ఇది ముందుగా అంటును. అనగా చల్లదనము ఏ చోట మిక్కిలి అవసరమో ఆ చోటనే. ఈ పొలుసు గుండా వేడి ప్రసరించుట ఇనుము గుండా ప్రసరించుటకంటె ఇరువది రెట్లు తక్కువ. తాగునీటి కాఠిన్యమునకు భారతీయ ప్రమాణము లీటరునకు 200 మిల్లీగ్రాములు. వేరొక ఆధారము లేని చోట 600 వరకు అనుమతింతురు. ఆ 600 గల నీటిని పది లీటర్లు ఒక్కసారి పోసి మూత బిగించినచో లోపల చేరు సున్నము ఆరు గ్రాములు మాత్రమే. అది పెద్ద అపకారము చేయదు. కాని కారుచున్న రేడియేటరునకు దినమున కొక లీటరు చొప్పున పోయుచుండువాడు ఏడాది తిరుగునప్పటికి రెండు వందల గ్రాములకు పైగా సున్నమును తన ఇంజనునకు తినిపించియుండును. కావున కారుటను ఆపక నీరు పోయుచుండుటయే అసలు దోషము. కారుట ఆపుటకు పసుపు పొడి కలుపుట మన డ్రైవర్ల చిట్కా. ఆ పొడి చిల్లును పూడ్చిన మాట నిజమే, కాని ఏది చిల్లో ఏది దారియో దానికి తెలియదు.

మూడవ దోషము తుప్పు, దాని బంధువర్గము. ఇంజనులో ఇనుము కలదు, అల్యూమినియము కలదు, పాత రేడియేటరైనచో రాగియు ఇత్తడియు, వానిని అతికిన సీసపు టంకమును కలవు. వేర్వేరు లోహములు ఒకదానికొకటి తగులుచు, లవణములు కరగిన నీటిలో మునిగియున్నపుడు విద్యుత్తు పుట్టునని 1800లో వోల్టా చూపెను. ఆ సూత్రముతోనే ఘటములు చేయుదుము. ఇంజనులో ఆ విద్యుత్తు ఎవరికిని ఉపయోగపడక, వానిలో దుర్బలమైన లోహమును, తరచుగా అల్యూమినియమును, కొంచెము కొంచెముగా కరగించుచుండును.

డీజిల్ ఇంజన్లకు ఇంకొక విచిత్రమైన వ్యాధి కలదు. ప్రతి పేలుడునకును సిలిండరు లైనరు కంటికానని రీతిని కంపించును. కంపించి వెనుకకు తగ్గినపుడు దాని వెలుపలి గోడ వద్ద ఒత్తిడి పడిపోయి సూక్ష్మమైన బుడగలు పుట్టును. మరుక్షణమే గోడ ముందునకు రాగా ఆ బుడగలు లోనికి కూలును. కూలుచున్న బుడగ నడుమ ఎంతటి ప్రచండమైన ఒత్తిడి ఏర్పడునో, ఓడల ప్రొపెల్లర్లు గుంటలు పడుటకు కారణము విచారించుచు లార్డ్ రేలీ 1917లో లెక్కగట్టెను. అట్టి దెబ్బలు లక్షలకొలది ఒకే చోట తగులగా గట్టి ఇనుము సైతము సూదిబెజ్జములు పడును, తుదకు నీరు సిలిండరులోనికే చొరబడును.

తియ్యని ద్రవము

ఎథిలీన్ గ్లైకాలు అను రంగులేని, చిక్కని, తియ్యని ద్రవమును 1856లో షార్ల్ ఆడోల్ఫ్ వుర్ట్జ్ అను ఫ్రెంచి రసాయనజ్ఞుడు మొదట తయారుచేసెను. మోటారుబండ్లు వచ్చిన తొలిదినములలో శీతలదేశములవారు నీరు గడ్డకట్టకుండుటకు మద్యసారమును కలుపుచుండిరి. నీరు గడ్డకట్టునపుడు నూటికి తొమ్మిది పాళ్లు వ్యాకోచించి ఇనుప బ్లాకునైనను చీల్చును గనుక అది వారికి ప్రాణావసరము. కాని మద్యసారము ఇంజను వేడికి ఆవిరియై పోవుచు, మాటిమాటికి కలుపవలసి వచ్చుచుండెను. 197 డిగ్రీలకు గాని మరగని గ్లైకాలునకు ఆ దోషము లేదు. 1927లో అమెరికాలో ప్రెస్టోన్ అను పేర అది విపణిలోనికి వచ్చినది.

సగము నీరు, సగము గ్లైకాలు కలిపినచో ఆ మిశ్రమము సున్నకు దిగువ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. కేవల గ్లైకాలు మాత్రము సున్నకు దిగువ 13 డిగ్రీలకే గడ్డకట్టును! రెండును వేర్వేరుగా ఓడిన చలికి రెండును కలిసినపుడు లొంగకుండుటకు కారణము, ఒకదాని అణువులు రెండవదాని అణువుల వరుసకు అడ్డుపడి, స్ఫటికము కట్టనీయకుండుటయే. చికాగోలోనో టొరంటోలోనో కాపురమున్న మన పిల్లలకు ఈ లెక్క అక్కర కలది. పల్నాటికి కావలసినది దీని రెండవ కొస. అదే మిశ్రమము మూత లేకున్నను 107 డిగ్రీల వరకు, బిగువైన మూత క్రింద 125 దాటువరకు మరగదు. మంచుకు విరుగుడైన మందే మరగుటకును విరుగుడు. డబ్బామీద ఏ పేరు అచ్చయినను లోపలి ద్రవమునకు రెండు ధర్మములును కలవు.

అట్లని గ్లైకాలు ఎంత ఎక్కువైన అంత మంచిదనుకొనరాదు. సమభాగ మిశ్రమము వేడిని మోయు శక్తి నీటి శక్తిలో ఇంచుమించు 80 నుండి 85 పాళ్లు మాత్రమే. గ్లైకాలు పెరిగినకొలది అది ఇంకను తగ్గును, ద్రవము చిక్కబడి పంపునకు బరువగును. రెండవ ప్రపంచయుద్ధమున పేరెక్కిన రోల్స్‌రాయిస్ మెర్లిన్ విమానయంత్రమును రూపొందించినవారు తొలుత కేవల గ్లైకాలును వాడి, దాని లోపములను గ్రహించి, పిమ్మట నూటికి 70 పాళ్లు నీరు, 30 పాళ్లు గ్లైకాలు చేర్చి ఒత్తిడిలో నుంచు పద్ధతికి మరలిరి. అంతటి యుద్ధవిమానమే నీటికి పెద్దవాటా ఇచ్చినపుడు, చిక్కగా నుండవలెనని డబ్బాడు గ్లైకాలును నీరు కలుపకయే పికప్ బండిలో పోయుట వ్యర్థమైన ఔదార్యము.

తరిగిపోవునది ఏది?

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వత్తము. మరగుటను ఆపినది గ్లైకాలు, తుప్పును ఆపవలసినదెవరు? గ్లైకాలు ఆ పని చేయదు సరికదా, వేడికిని లోపల చేరిన గాలికిని అది మెల్లగా ఆమ్లములుగా మారును. ఆమ్లము చేరిన ద్రవము మంచినీటికంటెను లోహమునకు చేటు. కావుననే కూలెంట్ తయారుచేయువారు గ్లైకాలుతో నూటికి కొన్ని పాళ్లు మాత్రమే రక్షకద్రవ్యములను చేర్చుదురు. వానిలో కొన్ని క్షారములు. పుట్టిన ఆమ్లమును పుట్టినట్లే విరిచి తామును నశించును. సిలికేటులు అల్యూమినియముపై పలుచని పొరగా పరచుకొనును. నైట్రైటులు ఇనుముపై గట్టి పొరను నిలిపి, ఇందాక చెప్పిన బుడగల దెబ్బను ఆ పొరయే తినునట్లు చేయును. పొర చెదరినచోట మరల కట్టును. చెదరి, కట్టి, చెదరి, కట్టి, ఆ ద్రవ్యమే తుదకు అడుగంటును.

పాతబడుట అనగా ఇదియే. పాత పద్ధతి కూలెంట్‌కు సాధారణముగా రెండేండ్లు, సేంద్రియామ్లముల లవణములతో చేసిన కొత్తరకములకు ఐదేండ్లు ఆయుష్షు చెప్పుదురు. సేంద్రియ లవణములు గోడ అంతటను పరచుకొనక, తుప్పు మొదలైన చోటునకే పోయి పనిచేయును గనుక వాని వ్యయము నెమ్మది. గ్లైకాలు పాలు ఎంతయో రిఫ్రాక్టోమీటరు చూపును, కాని రక్షకద్రవ్యము మిగిలినదో లేదో అది చూపలేదు. రంగు చూచి తీర్పు చెప్పుట అంతకంటెను నిరర్థకము; పచ్చ, ఎరుపు, నీలము అనునవి కంపెనీలు ఇష్టానుసారము కలిపిన రంగులేగాని, ఏ రంగున కే రసాయనమను కట్టుబాటు లోకమున లేదు. పచ్చదానికి పచ్చదే గదాయని రెండు కంపెనీల ద్రవములను కలిపినపుడు రక్షకద్రవ్యములు ఒకదానితో నొకటి పడక మడ్డిగా పేరుకొనిన ఉదంతములు కలవు. లోపల ఏమున్నదో తెలియని పాతబండికి పూర్తిగా కడుగుటయే సురక్షితమగుటకు ఇది ముఖ్యకారణము.

దింపుట, కడుగుట

ఇంజను చల్లారిన పిమ్మట, చేతితో తాకి చూచి, మూత తీయవలెను. రేడియేటరు అడుగున నున్న డ్రెయిన్ నట్టు విప్పి ద్రవమును వెడల్పైన తొట్టిలోనికి పట్టవలెను. దీనిని రోడ్డుప్రక్క కాలువలోనికి వదలుట మన షెడ్లలో నిత్యము చూచుచుందుము. ఈ అలవాటును నేను నిర్దాక్షిణ్యముగా ఖండించుచున్నాను. తియ్యగా నుండుటచే కుక్కలు, పిల్లులు దీనిని నాకును, పసిపిల్లలును త్రాగుదురు. శరీరములో గ్లైకాలు ఆక్సాలికామ్లముగా మారి, కాల్షియముతో కలిసి, మూత్రపిండములలో సూదిస్ఫటికములుగా పేరుకొనును. త్రాగినవారిని వెంటనే ఆసుపత్రికి చేర్చినచో, గ్లైకాలును విషముగా మార్చు ఎంజైమును అడ్డగించు ఫోమెపిజోల్ అను ఔషధముతోనో, వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చు మద్యసారముతోనో రక్షింపవచ్చును, ఆలస్యమైనచో కష్టము. మూతగల డబ్బాలో పట్టి, గుర్తువ్రాసి, పాత ఇంజన్ ఆయిలు సేకరించువారిని అడిగి అప్పగించుట మేలు. మంచినీళ్ల సీసాలో మాత్రము పోయరాదు.

రేడియేటరు ఖాళీయైనంత మాత్రమున పని ముగియలేదు. మొత్తము పది లీటర్లు పట్టు వ్యవస్థయందు అడుగు నట్టు విప్పినపుడు వెలికి వచ్చునది సుమారు సగమే యనుకొందము. తక్కిన ఐదు లీటర్లు థర్మోస్టాటు వెనుక, ఇంజను గర్భమున నిలిచియుండును. కొన్ని బ్లాకులకు ప్రక్కన వేరొక నట్టు ఉండును. పదునైదేండ్లు కదలని దానిని బలవంతముగా విప్పబోయి మెడ విరుగగొట్టుటకంటె దాని జోలికి పోకుండుటయే ఒక్కొకప్పుడు వివేకము. మరి లోపలి ఐదు లీటర్ల మాట ఏమి?

మజ్జిగ పోసిన ఇత్తడి చెంబును మన ఇండ్లలో ఎట్లు కడుగుదురో ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. నీటి ఎద్దడిగల ఊరి ఇల్లాలు చెంబునిండ ఒకేసారి నీళ్లు పోసి పారబోయదు. పిడికెడు నీళ్లు పోసి, నాలుగు ప్రక్కలకు త్రిప్పి, పారబోసి, మరల పిడికెడు పోయును. మొదటి నీళ్లు తెల్లగాను, రెండవవి పలుచగాను, మూడవవి ఇంచుమించు తేటగాను వచ్చును. ప్రతి మారును గోడకు అంటి మిగిలిన మజ్జిగలో అధికభాగము క్రొత్త నీటిలో కలిసి వెలికిపోవును గనుక, కొద్దికొద్దిగా పలుమార్లు వాడిన నీరు, ఒక్కుమ్మడిగా పోసిన నీటికంటె చాల పని చేయును. ఆమె త్రిప్పుటయందును అర్థము కలదు. త్రిప్పనిచో మజ్జిగ గోడకు అంటియే యుండును, నీరు దానిని తాకక వచ్చిన దారినే పోవును. రేడియేటరు విషయమున ఆ త్రిప్పుట అనగా ఇంజనును నడపుట. ఐదు లీటర్ల నీరు పోసి, మూత పెట్టి, థర్మోస్టాటు తెరచుకొని పై పైపు వేడెక్కువరకు ఇంజను నడపినచో, క్రొత్త నీరును లోపలి పాతద్రవమును సమముగా కలియును. చల్లార్చి దింపినపుడు మిగులు ఐదు లీటర్లలో పాతద్రవము సగము. మరల చేసినచో నాలుగవ వంతు, మూడవ మారునకు ఎనిమిదవ వంతు, నాలుగవ మారునకు పదునారవ వంతు. థర్మోస్టాటు తెరచుకొనకమునుపే దింపువాడు ఎన్ని బిందెలు పోసినను రేడియేటరునే కడుగును, ఇంజనును కడుగడు. హీటరుగల బండియైనచో దాని మీటను వేడివైపునకు త్రిప్పియుంచవలెను. లేనిచో ఆ మూల పాతద్రవము అట్లే నిలిచిపోవును.

తుప్పురంగు నీరు మూడు నాలుగు మార్లకును తేటపడనిచో సున్నపు పొలుసును, తుప్పును కరగించు నిమ్మఉప్పును కలిపి ఒక విడత నడుపవచ్చును. అది సున్నముతో కలిసి అంగారవాయువును వెడలించి దానిని కరగించును; ఎక్కువసేపు ఉంచినచో లోహమును కూడ తినును గనుక వెంటనే దింపి, ధారాళముగా కడుగవలెను. ఐతే శిథిలమైన రేడియేటరు విషయమున ఒక్క మాట. దాని చిల్లులను ఇన్నాళ్లు మూసియుంచినది ఆ పొలుసే కావచ్చును. కడిగిన మరునాడు కారుట మొదలైనచో, కడుగుటవలన చిల్లు పడెనని యజమాని అనును. చిల్లు మునుపే యున్నది.

ఈ విరామమున పైపులను నొక్కి చూడవలెను. మెత్తబడి ఉబ్బినవానిని, గట్టిపడి చిటపటమని పగులువానిని, వాని క్లిప్పులను మార్చుట ఇప్పుడే సులభము. క్రింది పైపును పంపు పీల్చుచుండును గనుక అది లోనికి అణగిపోకుండుటకు కొన్ని బండ్లలో లోపల స్ప్రింగుచుట్ట అమర్చియుందురు. పాతపైపుతోపాటు దానిని పారవేసినచో, ఇంజను వేగమెత్తినపుడు పైపు అతుకుకొని దారి మూసికొనును. నిలకడగా నున్నపుడు చల్లగాను, హైవే ఎక్కినంతనే వేడిగాను ఉండు బండి మర్మము ఒక్కొకప్పుడు ఇంతే.

నింపుట

కడపటి విడత కడుగుటకు బోరునీరు వాడరాదు. అది సగము లోపలనే మిగులును గనుక, బ్యాటరీ వాటర్ అని అంగళ్లలో దొరకు డిస్టిల్డ్ వాటరునే వాడవలెను. అంగడివాడు పొరపాటున బ్యాటరీ ఆసిడ్ ఇచ్చుననుకొనుటకు లేదుగాని, చీటీ చదివి తెచ్చుకొనుటలో నష్టము లేదు.

ఇక్కడనే చాలమంది లెక్క తప్పుదురు. కూలెంట్ రెండు రూపములలో అమ్ముడగును: నీరు కలుపని చిక్కనిది ఒకటి, నీరు ముందే కలిపి నేరుగా పోయదగినది ఒకటి. మన పది లీటర్ల బండిలో ఐదు లీటర్ల మంచినీరు ఇదివరకే లోపల నిలిచియున్నది. ఇప్పుడు సమభాగములు కలిపిన సిద్ధద్రవమును ఐదు లీటర్లు పోసినచో, గ్లైకాలు రెండున్నర లీటర్లే చేరును. మొత్తము మీద నాలుగవ వంతు. రక్షకద్రవ్యములును ఆ నిష్పత్తిలోనే పలుచబడును. కాబట్టి లోపల నీరు మిగిలిన బండికి చిక్కనిదానినే ఐదు లీటర్లు ముందుగా పోసి, ఇంకను చోటు మిగిలినచో దానిని డిస్టిల్డ్ వాటరుతో నింపవలెను. ఎంత పట్టునో బండితో వచ్చిన పుస్తకములో ఉండును. దింపిన ద్రవమును కొలిచిపెట్టుకొనినవానికి ఎంత మిగిలినదో లెక్క తేలును.

మిగిలినది గాలి. ఖాళీయైన దారులలో చొరబడిన గాలి హెడ్డులోని ఎత్తైన మూలల చిక్కుకొని, ద్రవమును అచటికి రానీయదు. వేడిని కొలుచు సెన్సారు ఆ బుడగలో నున్నచో, హెడ్డు కాలుచున్నను డాష్‌బోర్డు ముల్లు చల్లగానే చూపును. ఈ అబద్ధము నిజమైన వేడికంటె ప్రమాదకరము. అందువలన ద్రవమును మెల్లగా పోయవలెను. బండి ముందుభాగమును కొంచెము మిట్టకు నిలిపినచో రేడియేటరు మెడ అన్నిటికంటె ఎత్తగును. మూత తీసియుంచి ఇంజనును నడపుచు, పై పైపును చేతితో నొక్కి వదలుచుండినచో బుడగలు గుడగుడమని వెలికివచ్చును, మట్టము దిగును, దిగినంత నింపవలెను. బుడగలు ఆగిన పిమ్మట, ద్రవము పొంగకమునుపే మూత బిగించి, ప్రక్కనున్న ప్లాస్టిక్ డబ్బాను రెండు గీతల నడుమకు నింపవలెను. వేడికి వ్యాకోచించిన ద్రవము మూతలోని ఒక కవాటము ద్వారా ఈ డబ్బాలోనికి పోయి, చల్లారునపుడు రెండవ కవాటము ద్వారా వెనుకకు వచ్చుచుండును. మొదటి రెండు మూడు ప్రయాణములకు డబ్బా మట్టము కొంత దిగుట సహజము; లోపల మిగిలిన గాలి ఈ రాకపోకలలో మెల్లగా తొలగి, ఆ చోటును ద్రవము ఆక్రమించును.

అంతటితో నిలకడపడక మట్టము దినదినమును దిగుచుండి, నేలమీద ఎచటను తడి కానరానిచో అనుమానము హెడ్ గాస్కెట్ మీదికి పోవును. చల్లని ఇంజనును మూత తీసి నడపినపుడు బుడగలు ఎడతెగక వచ్చుచున్నను, పొగలో తెల్లని ఆవిరి ఆగకున్నను, ఆయిలు గజకడ్డీకి పాలమీగడ రంగు అంటినను ద్రవము సిలిండరులోనికో నూనెలోనికో దారి చేసికొనినదని అర్థము. దానికి కూలెంట్ మార్చుట మందు కాదు. హెడ్డు దింపించి, అది వంకరపోయెనో లేదో కొలిపింపవలెను.